‘తప్పయింది’కి కర్త ఎవరు?

"నీ పాపాలు చెప్పు. నీ సూపర్‌వైజర్ పాపాలు ఆయన వచ్చి చెప్పుకుంటాడు."

పరాయి దేశం పనికి వెళ్ళి, అక్కడి కతోలిక గుడిలో పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు గురువు (ఫాదర్) ముందు చెప్పుకుని క్షమాపణ పొందడానికి, మోకరించిన మనవాళ్ళకి ఏదో ఒక రోజు ఆయన నుంచి ఇలాంటి మాట తగులుతుంది. మనసు చివుక్కుమంటుంది. కనికరం అడగడానికి వస్తే ఈ కసురుకోవడం ఏమిటి? రాని భాషలో నాలుగు ముక్కలు కూడబలుక్కుంటూ మధ్యలో కాస్త కష్టం చెప్పుకున్నందుకు ఇంత మాటా?

ఫాదర్ గారిది కటువు మాటే గానీ పద్ధతి ప్రకారం తప్పు మాట కాదు. అయినా మనవాళ్ళ తరఫున ఒకటి చెప్పుకోవాలి. తెలుగులో "తప్పయింది" అన్నామంటే క్షమాపణ అడిగినట్టే. చేసిందెవరో మాటలో లేకపోయినా వంచిన తలలో ఉంటుంది. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి చెబితే తప్పు దానంతటదే జరిగినట్టు వినబడుతుంది. దానికి "సూపర్‌వైజర్ ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు ఎగ్గొట్టాడు, అందుకని..." అని తోక తగిలిస్తే ఇక సంజాయిషీ కిందే జమ. మన బైబిల్లో తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడు మాత్రం "పాపము చేసితిని" అన్నాడు. ఆ క్రియలోనే కర్త అతుక్కుని ఉన్నాడు. తప్పించుకోడానికి సందు లేదు.

నిజానికి అక్కడ అడిగేది కొంచెమే. కిందటిసారి ఎప్పుడు చెప్పుకున్నారు, చావైన పాపాలైతే (తెలిసీ, కావాలనే చేసిన పెద్ద పాపాలు) ఏ రకం, సుమారు ఎన్నిసార్లు. "పని చెయ్యని గంటలు టైమ్‌షీటులో రాశాను, నెలకు మూడు నాలుగు సార్లు, ఏడాదిగా" అంటే సరిపోతుంది. పక్కవాడి పేరు అక్కర్లేదు. పాపం బరువునో రకాన్నో మార్చే సంగతి ఉంటేనే చెప్పాలి: తీసిన డబ్బు ఇంటికి పంపమని రూమ్మేట్ నమ్మి చేతికిచ్చిందైతే, ఆ నమ్మకద్రోహం కూడా లెక్కలోకి వస్తుంది. మరిచిపోయినవి మిగతావాటితో పాటే పోతాయి, గుర్తొస్తే వచ్చేసారి చెప్పాలి. కావాలని దాచిన చావైన పాపం ఒక్కటి ఉన్నా మొత్తం సంకీర్తనమే చెల్లదు. కాగితం మీద రాసుకెళ్ళవచ్చు. బయటికి రాగానే దాన్ని చింపెయ్యడం మరిచిపోకండి.

భాష అసలే కలవకపోతే దుబాసీని పెట్టుకోవచ్చు. 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం 990వ నియమం దీన్ని ఒప్పుకుంటుంది. 983వ నియమం ఆ దుబాసీ నోటికీ తాళం వేస్తుంది. విన్నది గురువు కంపెనీకి చెప్పేస్తాడేమోనన్న భయం మనవాళ్ళలో బాగా ఉంది. ప్రాణం మీదికి వచ్చినా చెప్పకూడదన్నది నియమం. నేరుగా బయటపెట్టిన గురువుకి ఆ క్షణమే తిరుసభ నుంచి వెలి.

ఊళ్ళో మన ఫాదర్ గారికి వీడియో కాల్ చేసి చెప్పుకుంటే సరిపోదా? సరిపోదు. సలహా అడగవచ్చు, ఏడవవచ్చు, పాపవిమోచనం మాత్రం ఎదురుగా ఉన్నవాడికే. ఓడ మీదో, గురువు అడుగుపెట్టని ఎడారి క్యాంపులోనో ఉంటే దారి వేరు. నరకం భయంతో కాక దేవుని మీది ప్రేమతో పుట్టిన దుఃఖం ఉత్తమ మనస్తాపం. అది ఉండి, వీలైనంత త్వరలో గురువు దగ్గర చెప్పుకుంటానన్న గట్టి నిర్ణయం ఉంటే చావైన పాపాలు కూడా క్షమించబడతాయని తిరుసభ సత్యోపదేశం (బోధ). (ప్రొటెస్టెంటు సంఘాలవారు సాధారణంగా నేరుగా దేవుని ముందే ఒప్పుకుంటారు, 1 యోహాను 1:9 వారికి ఆధారం.)

గంటల లెక్కన బతికేవాడికి అసలు చిక్కు మరోచోట ఉంది. క్షమాపణను కూడా ఓటీ చేసి తీర్చుకోవాలనుకుంటాడు. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో రాజుకి ఒక సేవకుడు పడ్డ బాకీ 10,000 తలాంతులు. తలాంతుకి సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి! "కొంచెం ఓర్చుకో, అంతా చెల్లిస్తాను" అంటాడు పాపం. రాజు గడువు పెంచలేదు, ఖాతానే కొట్టేశాడు. లూకా 15లో కూడా అంతే. దూరదేశంలో పందులు మేపిన ఆ తప్పిపోయిన కుమారుడు దారిలో కట్టుకున్న మాటల్లో చివరిది, నన్ను నీ కూలివారిలో ఒకడిగా పెట్టుకో అన్నది. 19వ వచనంలో ఉంది, 21లో లేదు. తండ్రి ఆ మాట అననివ్వకుండానే మంచి బట్టలు తెమ్మన్నాడు.

దేవుడి దగ్గర బాకీ కొట్టేశారు కదా అని మనిషి దగ్గర బాకీ పోదు. పాపవిమోచనం పొందినా కాజేసింది తిరిగివ్వాలి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, మనకు విధిగా ఉన్నది తీసుకున్నంతా, కలిగించిన నష్టమూ. వీసా ఇప్పిస్తానని కొత్తవాడి దగ్గర నొక్కేసిన కమీషన్ వాడికే చేరాలి. వాడు చనిపోతే వారసులకి, ఎంత వెతికినా దొరక్కపోతే బీదలకి. ఒకేసారి కుదరకపోతే విడతలుగా ఇవ్వవచ్చు, పేరు బయటపడకుండా మూడోమనిషి చేత పంపవచ్చు. పోలీసుల దగ్గర లొంగిపోతేనే విమోచనం ఇస్తానని గురువు షరతు పెట్టకూడదు. గుడి హుండీలో వేస్తే చాలదా అని అడిగేవాళ్ళు ఎక్కువ. సొమ్ము ఎవరిదో తెలిసినప్పుడు చాలదు.

చివర్లో ఇచ్చే ప్రాయశ్చిత్తం అర్థం కాకపోతే లేవకుండా అక్కడే మళ్ళీ అడగండి. షిఫ్టు వల్ల కుదరనిదైతే అదీ అప్పుడే చెబితే మారుస్తారు. కీర్తన చదవమంటే తెలుగు బైబిల్లో చదువుకోవచ్చు, 51వ కీర్తన అయితే "నేను పాపము చేసియున్నాను" దగ్గర కాస్త ఆగి.