వయసు తెలియని గుండెపోటు: నా అనుభవం

నిన్న సాయంత్రం కార్డియాలజిస్ట్ దగ్గర్నుంచి వచ్చాను. 16 రోజుల టెన్షన్ దిగింది. అది దిగేసరికి కోపం ఎక్కింది. చల్లారకముందే రాసేస్తున్నా.

మా నాన్న 52వ ఏట గుండెపోటుతో పోయారు. నాకిప్పుడు 49. నొప్పి లేదు, ఆయాసం లేదు, మెట్లెక్కితే మా ఆయన కంటే నేనే ముందు పైకి చేరతాను. అయినా ఆ 52 అన్న అంకె మనసులో ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. మా చెల్లి కూతురు కంప్యూటర్ల మనిషి. "పెద్దమ్మా, ఇప్పుడు ఒక్క ఈసీజీ చూసి పదేళ్ల తర్వాత గుండె ఎలా ఉంటుందో చెప్పేస్తున్నారు, తీయించుకో" అంది. సరే అనుకున్నా.

రక్త పరీక్షలు ఒక పూటలో అయిపోయాయి. బీపీ చూసిన అమ్మాయి "148 ఉంది, కంగారు పడ్డట్టున్నారు" అని తనే సమాధానం చెప్పేసుకుంది. నేనూ పట్టించుకోలేదు.

ఇక ఈసీజీ గది. గది అనకూడదు, నడవ చివర కర్టెన్ కట్టిన ఒక మూల. ఆ కర్టెన్ కూడా సగమే మూసుకుంటుంది. టెక్నీషియన్ చిన్న కుర్రాడు, తోడుగా ఆడమనిషెవరూ లేరు. "పై బటన్లు రెండు తీస్తే చాలండీ" అన్నాడు. చాలదని అతనికి తెలుసు, నాకు తెలియదు. పాపం నా మొహమాటం అర్థం చేసుకున్నాడని సంతోషించాను కూడా. చేతులకీ కాళ్లకీ నాలుగు క్లిప్పులు పెట్టాడు. ఛాతీ మీద పెట్టాల్సిన ఆరు కప్పుల్నీ మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి పట్టిన చోట అంటించేశాడు. మొదటి రెండూ మెడ ఎముకలకి కాస్త కిందే ఉన్నాయి. ఆ చల్లటి జెల్ ఎక్కడ తగిలిందో నాకు ఇప్పటికీ తెలుస్తోంది. పది సెకన్లు కదలొద్దన్నాడు. అయిపోయింది.

గులాబీ గళ్ల కాగితం బయటికొచ్చింది. పైన నా పేరు, పక్కన 49, దాని పక్కన ఇంగ్లీషులో మిషనే అచ్చేసిన ఒక లైను: సెప్టల్ ఇన్‌ఫార్క్ట్, ఏజ్ అన్‌డిటర్‌మైన్డ్. కుర్రాడు అది చదివాడు, నన్ను చూశాడు, మళ్లీ చదివాడు. కర్టెన్ అవతల కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా అడిగాడు:

"మేడమ్, మీకు హార్ట్ ఎటాక్ ఎప్పుడొచ్చింది?"

నేనింకా బటన్లు పెట్టుకుంటున్నాను. "నాకేం రాలేదు బాబూ" అన్నాను. "వచ్చినట్టు చూపిస్తోంది మరి" అని కాగితం చేతిలో పెట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

బయటికొస్తే అందరి కళ్లూ నా మీదే. ఒక పెద్దాయన లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. వద్దని నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ఇన్‌ఫార్క్ట్ అంటే ఏంటో నాకు తెలియదు. కానీ రెండో ముక్క అర్థమైందనుకున్నా. ఏజ్ అన్‌డిటర్‌మైన్డ్, అంటే నా వయసు మిషన్‌కి సరిగ్గా ఎక్కలేదు, అందుకే ఏదో తప్పు రాసింది, అంతేగా! "చూడండమ్మా, ఫారంలో 49 అని రాసిచ్చాను, పైన 49 అని ఉంది కూడా, కింద వయసు తెలియదంటారేంటి?" అని గట్టిగానే అడిగాను.

కౌంటర్లో అమ్మాయి చదివి ఫక్కున నవ్వింది. "మీ వయసు కాదండీ, ఎటాక్ వయసు. ఎప్పుడొచ్చిందో తెలియదని." అంతటితో ఊరుకుందా? పక్క సీట్లో అమ్మాయిని పిలిచి చెప్పింది. ఇద్దరూ కలిసి నవ్వారు.

నవ్వుకోండి తల్లీ. కానీ ఆ మాటకి అర్థమేంటో ఒక్కసారి ఆలోచించారా? నాకు తెలియకుండా నాకు గుండెపోటు వచ్చి, గుండెలో కొంత కండ చచ్చిపోయి, నేను ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నానని. డాక్టర్ని కలుస్తానంటే వెళ్లిపోయారన్నారు. గుండెని స్కాన్ చేసి చూసే ఎకో పరీక్షకి 12 రోజుల తర్వాత డేట్ ఇచ్చారు. "మరి ఈలోపు?" అంటే "జాగ్రత్తగా ఉండండి" అంది. ఎలా ఉండాలో చెప్పలేదు.

ఆ 12 రోజులూ నేను నా పాత నొప్పులన్నీ తవ్వుకున్నాను. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఎడమ భుజం లాగింది, అదేనా? దగ్గు తగ్గక పక్కటెముకలు పట్టేసిన వారం, అదా? నొప్పి తెలియకుండా వచ్చే గుండెపోట్లు నిజంగానే ఉంటాయి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో. నాకు షుగర్ లేదు, కానీ అర్ధరాత్రి ఆ తేడా ఎవరికి పడుతుంది? మా ఆయన నన్ను నీళ్ల బకెట్ ఎత్తనివ్వలేదు. రాత్రుళ్లు నేను నిద్రపోయానో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం రెండుసార్లు పట్టుకున్నాను.

ఎకో మామూలుగా ఉంది. గుండె గోడలన్నీ బాగానే కదులుతున్నాయన్నారు.

నిన్న కార్డియాలజిస్ట్ ఆ ఈసీజీని వెలుగుకి పట్టుకుని చూసి నన్నడిగిన మొదటి ప్రశ్న: "కప్పులు ఎక్కడ పెట్టారో చూపించగలరామ్మా?" చూపించాను. ఆయన కాగితం పక్కన పెట్టేసి, లేడీ టెక్నీషియన్‌ని పిలిచి మళ్లీ తీయించారు. ఆవిడ గొంతు కింద వేలు పెట్టి, రొమ్ము ఎముక మీద తగిలే చిన్న గట్టు దాకా జరిపింది. అక్కడ రెండో పక్కటెముక ఉంటుందట. అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ నాలుగో సందులో, ఎముకకి అటొకటి ఇటొకటి అంటించింది. అవి వీ1, వీ2. నాలుగోది అయిదో సందులో, మెడ ఎముక మధ్య నుంచి గీత గీస్తే వచ్చే చోట. వీ2కీ దానికీ మధ్యలో మూడోది. మిగతా రెండూ నాలుగోదాని వరసలోనే చంక వైపు. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో వీ2లో గీత తిన్నగా కిందికి దిగిపోయింది. కొత్తదాంట్లో ముందు నాలుగు చిన్న గళ్లు పైకి లేచి, అప్పుడు దిగింది. ఆ లేచే గీత పేరు ఆర్. కప్పుల్ని ఒకటి రెండు సందులు పైన పెడితే ఆ ఆర్ చిక్కిపోతుంది, దాంతో మిషన్ అక్కడి కండ చచ్చిపోయిందనుకుంటుందట. ఆడవాళ్లలో ఇలాంటి తప్పుడు రిపోర్టులు తరచూ చూస్తుంటానని చెప్పారాయన. నాలుగు గళ్ల కోసం 16 రోజులు!

ఇంటికొచ్చి చదివితే ఇంకా మండింది. ఈసీజీకి రూపమిచ్చిన ఐంథోవెన్‌కి 1924లోనే నోబెల్ వచ్చింది. తొలినాళ్లలో మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాలి, మిషన్ నడపడానికి అయిదుగురు కావాలి. ఛాతీ మీద ఏది ఎక్కడ పెట్టాలో 1938లోనే అమెరికా, బ్రిటన్ గుండె వైద్యులు కూర్చుని తేల్చేశారు. అప్పటి నుంచి ఆ సందులు మారలేదు, మన ఎముకలూ మారలేదు. ఆ కుర్రాడికి సిగ్గయితే ఆడమనిషిని పిలవాలి గానీ నా గుండెని మెడ దగ్గర వెతకడమేంటి? ఆడవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మొహమాటపడకండి. ఆడ టెక్నీషియన్ కావాలని అడగండి, సందులు లెక్కపెట్టకపోతే లెక్కపెట్టమనండి.

అసలు నేను వెళ్లిన పని వేరు కదా. "మరి పదేళ్ల తర్వాత సంగతి ఈసీజీలో తెలుస్తుందా సార్?" అని అడిగాను. ఆయన కంప్యూటర్లో ఒక లెక్క తెరిచారు. ముందు ముందు గుండె జబ్బు ముప్పు ఎంతో అంచనా కట్టేది, అమెరికా హార్ట్ అసోసియేషన్ వాళ్లు 2023లో తెచ్చిన ప్రివెంట్ అట. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగడం, కిడ్నీల పనితీరు, అన్నింటికీ గడులున్నాయి. ఈసీజీకి గడి లేదు! మా నాన్న సంగతి రాసే గడి కూడా లేదు, దాన్ని డాక్టరే విడిగా మనసులో పెట్టుకోవాలట. లక్షణాలు లేకుండా, ముప్పు తక్కువున్న వయోజనులకి గుండె జబ్బు కోసం ముందస్తుగా ఈసీజీ తీయడం వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2018లో చెప్పిందట. మేలు తక్కువ, నాలాంటి తిప్పలు ఎక్కువ.

అలాగని ఈసీజీ ఏమీ చెప్పదని కాదు. ఆయన స్కేలు తీసుకుని వీ1లో కిందికి దిగిన గీతనీ వీ5లో పైకి లేచిన గీతనీ కొలిచి కూడారు. 31 మిల్లీమీటర్లు వచ్చింది. 35కి చేరితే ఎడమ గది గోడ మందమెక్కిందేమోనని అనుమానిస్తారు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే గోడ అలా బలుస్తుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి జనం గుండె ఆరోగ్యాన్ని గమనిస్తూ వస్తున్నారట, ఆ గుర్తు ఈసీజీలో ఉన్నవాళ్లకి ముందు ముందు గుండె జబ్బులు ఎక్కువని అక్కడే తేలింది. కానీ మందమెక్కినా ఈసీజీలో కనపడని వాళ్లూ చాలామందే ఉంటారు. ఎకోలో నా గోడ మామూలుగానే ఉంది.

మా చెల్లి కూతురు చెప్పిన కంప్యూటర్ల సంగతీ అడిగాను. అదీ అబద్ధం కాదట. లక్షల ఈసీజీలు చూపించి నేర్పిన ప్రోగ్రాములు మనిషి కంటికి ఆనని తేడాలు పట్టుకుంటున్నాయి. ఈసీజీ చూసి మనిషి వయసు కూడా అంచనా వేస్తాయి. అసలు వయసు కంటే ఆ అంచనా 8 ఏళ్లకు మించి ఎక్కువొచ్చిన వాళ్లలో మరణాలు ఎక్కువని బ్రెజిల్ ఈసీజీలతో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. నాకు నవ్వొచ్చింది. "నా మొదటి కాగితం దానికి చూపిస్తే నా వయసు ఎంతనేదో" అన్నాను. ఆయనా నవ్వి, "అందుకే ముందు కప్పు సరిగ్గా పెట్టాలి" అన్నారు.

తర్వాత తనే బీపీ చూశారు. 150. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 146. "మీ నాన్నగారి సంగతి తెలిసి, ఈ అంకె వదిలేసి, ఆ లైను పట్టుకుని తిరిగారు" అన్నారు. పదేళ్లకి నా ముప్పు నూటికి 3 అట, 30 ఏళ్లకి చూస్తే 15 దాటింది. వారం పాటు ఇంట్లో పొద్దునా సాయంత్రం చూసి రాసుకు రమ్మన్నారు, మందు సంగతి అప్పుడు చూస్తారు. ఇవాళ పొద్దున 144.

ఇంకో మాట. ఈసీజీ కాగితం మీ దగ్గరే పెట్టుకోండి, రేపు ఏదైనా తేడా వస్తే పోల్చడానికి అదే ఆధారం. మా ఆయన పాత ఈసీజీ బీరువాలోంచి తీస్తే సగం గీతలు మాయమయ్యాయి. వేడికి అచ్చయ్యే కాగితం, వెలిసిపోతుంది. వెంటనే జెరాక్స్ తీయించండి. మిగిలిన సగంలో రెండు ఆర్‌ల మధ్య నాలుగు పెద్ద గళ్లున్నాయి. కాగితం నిమిషానికి 300 పెద్ద గళ్లు నడుస్తుంది, ఆ 300ని నాలుగుతో భాగిస్తే 75, అదీ ఆయన గుండె వేగం. నేనే లెక్కగట్టి చెప్పాను, ఆయన నోరెళ్లబెట్టారు.

ఇవాళ పొద్దున మొదటి చోటికి ఫోన్ చేసి నా ఫైల్లో ఆ లైను తీసేయమన్నాను. "సిస్టమ్‌లో ఎక్కిపోయిందండీ, తీయడం కుదరదు" అంది, గొంతు చూస్తే ఆ నవ్విన అమ్మాయే. సోమవారం నేనే వెళ్తున్నా. కొత్త ఈసీజీ ఉంది, డాక్టర్ గారి సంతకం ఉంది, నా వయసు 49 అని రుజువు కూడా పట్టుకెళ్తున్నా.