ఇ-లిక్విడ్ నేనే కలుపుకోవడం మొదలుపెట్టాక: కిట్‌లో ఏవి ఉండాలి, ఏవి అక్కర్లేదు

సిగరెట్ మానేసి వేపింగ్‌కు, అంటే ఇ-సిగరెట్‌లో ఇ-లిక్విడ్ అనే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చడానికి, మారాక నా లక్ష్యం ఒక్కటే, నికోటిన్‌ను మెల్లగా తగ్గించుకుంటూ పోవడం. దుకాణంలో దొరికే సీసాలతో అది సులువు కాలేదు. మి.లీ.కు 12 మి.గ్రా., తర్వాత 6, తర్వాత 3. మధ్యలో మెట్లు లేవు. 6 నుంచి ఒక్కసారిగా 3కు దిగితే మళ్లీ సిగరెట్ వైపు మనసు లాగుతుంది. 5కు, ఆపై 4కు దిగాలంటే సొంతంగా కలుపుకోవడమే మార్గం అనిపించింది. పొగ అలవాటు లేనివారికి మాత్రం నా మాట ఇదే: ఒంట్లో లేని నికోటిన్‌ను కొత్తగా తెచ్చిపెట్టుకోవద్దు. అలవాటు ఉన్నవారు కూడా ముందు తమ దేశ చట్టం చూసుకోవాలి. కొన్ని దేశాల్లో నికోటిన్ ద్రవంపై పరిమితులు, మరికొన్నింట్లో పూర్తి నిషేధం ఉన్నాయి.

కొత్తవారి కోసమని అమ్మే పెట్టెలు కొన్ని చూశాను. రంగురంగుల ఫ్లేవర్ సీసాలు బోలెడు, రెండు సిరంజిలు, కాసిని ఖాళీ సీసాలు. తూకం లేదు, గ్లౌజులు లేవు. అసలు ఉండవలసినవే వదిలేశారు. అందుకే పెట్టె కొనకుండా వస్తువులు విడివిడిగా సమకూర్చుకున్నాను.

మొదట కొన్నది తూకం. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం చాలు. సిరంజితో కొలవవచ్చు కదా అని చాలామంది అంటారు. కొలవవచ్చు, కానీ గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది, సిరంజి గోడలకు అంటుకుంటుంది, బుడగలు చేరతాయి. పని అయ్యాక సిరంజిలన్నీ కడగాలి. తూకం మీద ఆ బాధ లేదు. ఖాళీ సీసా పెట్టి సున్నా నొక్కి, ఒకటి పోసి, మళ్లీ సున్నా నొక్కి, మరొకటి పోయడమే. ఫ్లేవర్ ఒక్కో చుక్క పడినప్పుడల్లా అంకె 0.02 లేదా 0.03 చొప్పున పెరుగుతుంది. చేయి ఎక్కడ ఆపాలో కచ్చితంగా తెలుస్తుంది. ఇ-లిక్విడ్‌కు మూలద్రవాలైన రెండింటి సాంద్రతలు మాత్రం గుర్తుండాలి: ప్రొపిలీన్ గ్లైకాల్, అంటే పీజీ, ఒక మి.లీ.కు 1.036 గ్రాములు, వెజిటబుల్ గ్లిజరిన్, అంటే వీజీ, 1.26 గ్రాములు.

లెక్క కష్టమేమీ కాదు. 30 మి.లీ. సీసా, మి.లీ.కు 5 మి.గ్రా. నికోటిన్, 70 శాతం వీజీ కావాలనుకున్నాను. మొత్తం నికోటిన్ 150 మి.గ్రా. నా దగ్గరున్నది పీజీలో కలిపిన, మి.లీ.కు 20 మి.గ్రా. నికోటిన్ ఉన్న ద్రవం కనుక 7.5 మి.లీ., తూకంలో 7.77 గ్రాములు. వీజీ 21 మి.లీ., అంటే 26.46 గ్రాములు. మిగిలింది 1.5 మి.లీ. ఫ్లేవర్ 5 శాతం వేస్తే సరిగ్గా అంతే. విడిగా పీజీ పోయాల్సిన పనే రాలేదు. నికోటిన్‌లోనూ ఫ్లేవర్‌లోనూ ఉన్న పీజీని లెక్కలో కలపకపోతే ద్రవం అనుకున్నదానికంటే పలచబడుతుంది. 4 మి.గ్రా.కు దిగినప్పుడు నికోటిన్ ద్రవం 6 మి.లీ.కు తగ్గింది, అప్పుడు 1.5 మి.లీ. పీజీ అదనంగా పోశాను.

మి.లీ.కు 100 మి.గ్రా. ఉన్న గాఢమైన ద్రవం కొంటే చవక పడుతుంది. నేను కొనలేదు, కొత్తవారిని కొననివ్వను. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. గాఢత ఎక్కువైన కొద్దీ ఒలికిన చుక్క అంత ప్రమాదం. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, తుడవడానికి కాగితం, పక్కనే కుళాయి: ఇవి లేకుండా మూత తీయకూడదు. చర్మం మీద పడితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి. పిల్లలు తీయలేని మూతలున్న సీసాలే వాడాలి. పండ్ల వాసన వచ్చే ద్రవం పసిపిల్లలకు పానీయంలాగే కనిపిస్తుంది, కొద్దిగా మింగినా ప్రాణం మీదికి వస్తుంది. నా సీసాలన్నీ తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. పెట్టె మీద విష చికిత్స సహాయ కేంద్రం నంబరు రాసి అంటించాను. గాలి, వెలుతురు, వేడి తగిలితే నికోటిన్ గోధుమ రంగుకు తిరిగి ఘాటెక్కుతుంది కనుక ముదురు రంగు గాజు సీసాలో, చల్లని చోట ఉంచాలి.

పీజీ, వీజీ రెండూ ఔషధ ప్రమాణాలకు సరిపోయేవే, బ్యాచ్ పరీక్ష పత్రంతో సహా తీసుకున్నాను. ఇది అతి జాగ్రత్త కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. 2006లో పనామాలో అదే విషం గ్లిజరిన్ పేరుతో దగ్గు మందులోకి చేరి ఎంతోమందిని బలి తీసుకుంది. గ్లిజరిన్, ఆ విషం రెండూ రంగులేని, తియ్యగా ఉండే ద్రవాలే. కంటికి తేడా తెలియదు.

ఫ్లేవర్లు మూడు నాలుగు చాలు. తినడానికి పనికొచ్చేదల్లా పీల్చడానికి పనికిరాదు. నూనె ఆధారిత ఎసెన్సులు అసలే వద్దు, నూనె ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. 2019లో అమెరికాను కుదిపిన ఊపిరితిత్తుల జబ్బుకు ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె లాంటి పదార్థం. దాన్ని ఎక్కువగా గంజాయి సారం ఉన్న వేపింగ్ ద్రవాల్లో కలిపారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. వెన్న, కస్టర్డ్ రుచుల్లో డైఅసెటిల్ అనే రసాయనం ఉండే అవకాశం ఉంది. పాప్‌కార్న్ కర్మాగారాల్లో దాన్ని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. అది లేదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన ఫ్లేవర్లనే తెచ్చుకున్నాను. ఒక్కో ఫ్లేవర్‌ను ముందు విడిగా కలిపి, వేప్ చేసి రుచి చూడడం మేలు. రెండు మూడు కలిపేస్తే ఏది బాగోలేదో తెలుసుకోవడం కష్టం.

కలపడం నిమిషాల పని. బాగా కుదిపి పక్కన పెట్టాలి. పండ్ల రుచులు త్వరగా సిద్ధమవుతాయి. కస్టర్డ్ లాంటివి వారాల తరబడి ఊరితేనే రుచి కుదురుతుంది. తొందరపడి వేడి చేయవద్దు, నికోటిన్ పాడవుతుంది.

ద్రవాన్ని తిప్పి కలిపే మాగ్నెటిక్ స్టిరర్ యంత్రం, తీపి పెంచే సుక్రలోజ్ రెండూ మొదట్లో అక్కర్లేదు. సుక్రలోజ్ కాయిల్‌ను, అంటే ద్రవాన్ని వేడిచేసే తీగచుట్టను, త్వరగా మాడుస్తుంది కూడా. లేబుళ్లు, నోటు పుస్తకం మాత్రం తప్పనిసరి. ప్రతి సీసా మీద తేదీ, నికోటిన్ మోతాదు, ఫ్లేవర్ శాతం రాస్తాను. పుస్తకంలో ప్రతి తూకం ఉంటుంది. ఇప్పుడు 4 మి.గ్రా. సీసా వాడుతున్నాను. తర్వాతి పేజీలో 3.5కు లెక్క కట్టి ఉంచాను: నికోటిన్ ద్రవం 5.25 మి.లీ., పీజీ 2.25 మి.లీ., వీజీ ఎప్పటిలాగే 21, ఫ్లేవర్ 1.5.