కాలీఫ్లవర్ బుడిపెను గ్రెయిన్ అనుకోకండి

ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో ప్లాస్మాలో పెంచిన వజ్రపు పొర కాలీఫ్లవర్‌లా కనిపించగానే బుడిపెల మీద స్కేలు పెట్టి ‘గ్రెయిన్ సైజు 200 నానోమీటర్లు’ అని రాసేస్తుంటారు. గ్రెయిన్ అంటే పొరలోని ఒక్కో విడి స్ఫటికం. ఆ బుడిపె ఒక గుంపు. దాని లోపల 5 నానోమీటర్ల స్ఫటికాలు వేలకు వేలు ఉండొచ్చు. పైనుంచి ఎంతసేపు చూసినా ఆ సంగతి తేలదు.

అసలు తికమక పేరులోనే ఉంది. ‘నానోక్రిస్టలైన్’ అంటూ మనం రెండు వేరు వేరు నిర్మాణాలను ఒకే గాటన కట్టేస్తున్నాం. ఎక్కువగా హైడ్రోజన్, అందులో కొద్ది శాతం మీథేన్ ఉన్న ప్లాస్మాలో పెరిగే పొర స్తంభాలుగా లేస్తుంది. వేగంగా పెరిగే దిశ పైకి ఉన్న గ్రెయిన్లు పక్కవాటిని తొక్కేసి వెడల్పవుతాయి. అడుగున పదీ ఇరవై నానోమీటర్లు ఉన్నది, పొర మైక్రాన్ దాకా పెరిగేసరికి పైన వంద దాటొచ్చు. అందుకే మందం చెప్పకుండా గ్రెయిన్ సైజు చెబితే సగమే చెప్పినట్టు.

99 శాతం ఆర్గాన్, 1 శాతం మీథేన్ దారి వేరు. 1990ల్లో డీటర్ గ్రూయెన్ బృందం అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబరేటరీలో దీన్ని బాగా పరిశోధించింది (వాయువుకీ ల్యాబ్‌కీ పేరు కలవడం కాకతాళీయమే). ఇక్కడ పెరుగుతున్న స్ఫటికం మీదే కొత్త స్ఫటికం మొలుస్తూ ఉంటుంది. గ్రెయిన్ 2–5 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, మందం ఎంత పెరిగినా అంతే. గ్రెయిన్ల మధ్య సరిహద్దు వెడల్పు అర నానోమీటరు అటూ ఇటూ.

పొర అడుగు ఎలా ఉంటుందన్నది సీడింగ్ (ముందుగా వజ్రపు విత్తులు చల్లడం) చేతిలో ఉంది. నున్నటి సిలికాన్ మీద ఏమీ చల్లకపోతే చదరపు సెంటీమీటరుకు పదివేలో లక్షో మొలకలు, అంతే. నానోడైమండ్ (నానోమీటర్ల సైజు వజ్రపు పొడి) కలిపిన నీళ్లలో పది నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో ఉంచి, శుభ్రమైన నీళ్లతో కడిగి, వెంటనే గిరగిరా తిప్పే స్పిన్నర్ మీద ఆరబెడితే పదివేల కోట్ల దాకా వెళ్లొచ్చు. అప్పుడు విత్తుకీ విత్తుకీ దూరం సుమారు 30 నానోమీటర్లు, అంటే పలుచగానే పొర మూసుకుంటుంది. అదే 100 కోట్ల దగ్గర ఆగితే దూరం 300 దాటుతుంది. పలుచటి పొరకు చిల్లులు తప్పవు. చుక్కను దానంతట అదే ఆరనిస్తే విత్తులన్నీ అంచుకు చేరి ముద్ద కడతాయి. హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన నానోడైమండ్ నీళ్లలో ధనావేశంతో ఉంటుంది, సిలికాన్ మీది ఆక్సైడ్ రుణావేశంతో ఉంటుంది కాబట్టి అతుక్కుంటుంది. రెంటికీ ఒకే ఆవేశం ఉంటే ఎన్ని గంటలు కదిపినా లాభం లేదు.

ఇంకో తప్పు ప్లాస్మా వెలిగించే దగ్గర జరుగుతుంది. మీథేన్ లేకుండా వట్టి హైడ్రోజన్‌తో వేడెక్కిస్తే 5 నానోమీటర్ల విత్తులను అది తినేస్తుంది. మొదటి నుంచే మీథేన్ ఉంచి, తొలి కొన్ని నిమిషాలు 5 శాతం ఇచ్చి, పొర మూసుకున్నాక తగ్గించడం మేలు.

కొలతల్లో ఎక్స్‌రే తేలికైనది, కానీ మాయ చేస్తుంది. రాగి కే-ఆల్ఫా ఎక్స్‌రేతో వజ్రపు (111) స్ఫటిక తలాల శిఖరం 43.9 డిగ్రీల దగ్గర వస్తుంది. సగం ఎత్తులో వెడల్పు 1 డిగ్రీ అయితే షెర్రర్ లెక్కకు (శిఖరం వెడల్పు నుంచి స్ఫటికం సైజు తేల్చే సూత్రం) 8.6 నానోమీటర్లు, 2 డిగ్రీలైతే 4.3. యంత్రం సొంత వెడల్పు తీసేశాకే ఈ లెక్క వేయాలి. (111) తలాల మీది ట్విన్లు (అద్దంలో ప్రతిబింబంలా తిరగబడిన స్ఫటిక భాగాలు), ఒత్తిడి కూడా శిఖరాన్ని వెడల్పు చేస్తాయి కనుక సంఖ్య తక్కువ చూపుతుంది. స్తంభాల పొరలోనైతే పైనున్న పెద్ద గ్రెయిన్లకే మొగ్గు ఎక్కువ.

రామన్‌లో (లేజరు కాంతి చెదరడాన్ని కొలిచే పద్ధతి) 1140 సెం.మీ⁻¹ దగ్గర గడ్డలాంటిది కనిపిస్తే ‘నానో వజ్రం సంతకం’ అని ఏళ్ల తరబడి రాశారు. అది గ్రెయిన్ సరిహద్దుల్లోని ట్రాన్స్-పాలీఎసిటిలీన్‌ది (కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసు) అని ఫెరారి, రాబర్ట్‌సన్ 2001లో చూపించారు. 1480 దగ్గర దాని జంట ఉంటుంది. లేజరు రంగు మారిస్తే ఆ గడ్డ పక్కకు జరుగుతుంది, గట్టిగా కాలిస్తే పోతుంది. వజ్రపు గీత అలా చేయదు. ఆకుపచ్చ లేజరుకు సరిహద్దుల్లోని ఎస్‌పీ2 (గ్రాఫైట్ తరహా బంధాల) కార్బనే చాలా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వజ్రపు 1332 గీత మునిగిపోయినంత మాత్రాన వజ్రం లేదని కాదు. 244 నానోమీటర్ల అతినీలలోహిత లేజరుతో మళ్లీ చూడండి.

తీర్పు చెప్పాల్సింది టీఈఎమ్మే (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్). పొరను నిలువునా కోసి, అడుగునా పైనా విడివిడిగా లెక్కపెట్టాలి. 0.206 నానోమీటర్ల ఎడంతో గీతలు కనిపిస్తే అవి (111) తలాలు. గాలియం అయాన్ల పుంజంతో పలుచన చేసినప్పుడు 30 కిలోవోల్టుల దగ్గరే ఆపేస్తే నమూనాకు రెండు వైపులా అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేని) తోలు మిగులుతుంది. దాన్ని సరిహద్దు కార్బన్‌గా లెక్కేసిన బొమ్మలు తక్కువేం లేవు. చివరి తుడుపు 5 కిలోవోల్టులకో 2కో దించి చేస్తే ఆ తోలు చాలావరకు పలచబడుతుంది.