మా బిజిలీ బక్కది కాదు, గ్రేహౌండ్

నిన్న సాయంత్రం కుట్లు విప్పించాం. మొత్తం పదిహేడు. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

ముందు కుక్క సంగతి చెప్పాలి. మా మరిది మిలిటరీలో ఉంటాడు, పోస్టింగ్ పంజాబ్‌లో. అక్కడి పల్లెల్లో గ్రేహౌండ్లను పందేలకు పెంచుతారు. కిలా రాయ్‌పూర్ గ్రామీణ ఆటల్లో వీటి పరుగు చూడటానికి జనం విరగబడేవారు. వేగం తగ్గిన కుక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అలాంటి ఒకదాన్ని "వదినా, కాదనకు" అని ముందే నా నోరు మూయించి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చి కాజీపేటలో దించాడు. పేరు అక్కడివాళ్లు పెట్టిందే, బిజిలీ. దారంతా నిద్రపోయిందట.

ఇంటికి వచ్చాక కూడా అదే పని. గంటకు 60 కిలోమీటర్లు దాటి ఉరికే జంతువు రోజులో ముప్పావు వంతు పడుకునే ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి ఉత్త గచ్చు మీద పడుకుంటే మోచేతులు ఒరుసుకుపోతాయి, అందుకని అత్తమ్మ పాత చీరలతో బొంత కుట్టింది. ఆ అత్తమ్మే మొదట్లో ఎంత భయపడిందో! ఆమెది ఏటూరునాగారం పక్క ఊరు. నక్సలైట్ల మీదికి 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళం తప్ప ఆమెకు ఇంకో గ్రేహౌండ్ తెలియదు. మరిది ఫోన్ చేసి "అమ్మా, గ్రేహౌండ్‌ను తీస్కొస్తున్న" అంటే "ఎందుకురా, మనమేం జేసినం?" అంది.

ఆరు నెలలు హాయిగా గడిచింది. మొన్నటి ఆదివారం ముందు ఆదివారం, తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువు వైపు నడకకు తీసుకెళ్లాను. పక్క ప్లాటులో పిల్లి కదిలింది. బిజిలీ ముందుకు గుంజలేదు, వెనక్కి ఒక్క అడుగు వేసి తల దించింది. మెడ బెల్టు నా చేతిలో ఉంది, కుక్క లేదు. గ్రేహౌండ్ తల మెడ కంటే సన్నం. మామూలు బెల్టు ఎంత బిగించినా జారిపోతుంది. గుంజితే తనంతట తానే బిగుసుకునే మార్టింగేల్ కాలర్ అని వేరే ఉంటుంది. అది ఆన్‌లైన్‌లో నాలుగు వందలకే దొరుకుతుందని ఆ రోజు సాయంత్రం తెలిసింది.

పిల్లి తప్పించుకుంది. బిజిలీ మాత్రం కట్టుబడి జరుగుతున్న ఇంటికి అడ్డంగా పెట్టిన రేకును ఒరుసుకుంటూ పోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే తొడ మీద చర్మం జానెడు పొడవున చిరిగి, పాత దిండు గలీబు లాగా వేలాడుతోంది. రక్తం పెద్దగా లేదు. లోపల కండ ఎర్రగా, నున్నగా, వేళ్లతో ముట్టుకోవచ్చు అన్నంత స్పష్టంగా కనబడుతోంది. అది మాత్రం మూడు కాళ్ల మీద నిలబడి ఇంకా పిల్లి పోయిన గోడ వైపే చూస్తోంది. వీటి చర్మం పలుచన. వేరే కుక్కకు గీత పడే చోట దీనికి చీలిక పడుతుంది.

ఇంట్లో మా ఆయన చేసిన మొదటి పని దోసెడు పసుపు అద్దడం. రెండో పని నొప్పికని తన మాత్ర వేయబోవడం. మాత్ర నేను లాక్కున్నాను. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కల కడుపును, కిడ్నీలను పాడుచేస్తాయని ఎక్కడో చదివాను. పసుపును ఆపలేకపోయాను.

తొమ్మిదిన్నరకు ఒక క్లినిక్‌కు వెళ్లాం. పేరు చెప్పను. వాళ్లకు తెలుసు.

డాక్టరు గాయం చూడలేదు. ముందు పక్కటెముకలు చూశాడు. వేలితో ఒక్కొక్కటి లెక్కపెట్టినట్టు నిమిరి, తలుపు బార్లా తీసి ఉండగానే, బయట బెంచీల మీద ఉన్న పదిమందికీ వినపడేలా "ఏం పెడ్తున్నరమ్మా దీనికి? బొక్కలు లెక్కవెట్టొచ్చు! పెంచే తాకత్ లేకుంటే తెచ్చుకునుడెందుకు?" అన్నాడు. గ్రేహౌండ్ సార్, ఇలాగే ఉంటుంది అన్నాను. "అందరూ గదే చెప్తరు" అన్నాడు. ఆ బెంచీ మీద, ఒళ్లో పొమేరియన్‌తో, మా బడి ఎనిమిదో తరగతి పిల్లవాడి నాన్న ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయన నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు.

నిజం ఏమిటంటే, ఈ జాతికి చివరి రెండు మూడు పక్కటెముకలు, నడుము బొక్కల కొసలు కొంచెం కనబడితేనే సరైన బరువు. బిజిలీ 27 కిలోలు. కనబడకుండా నింపితే ఆ సన్నకాళ్ల మీద భారం పడుతుంది. మా వాడకట్టులో ఇది ఎవరికీ ఎక్కదు. రోజూ ఎవరో ఒకరు గేటు సందులోంచి ఉడికిన మటన్ బొక్కలు వేసిపోతారు. ఉడికిన బొక్క చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది తల్లీ అని చెప్తే "గొప్పలు పోతున్నది" అంటారు. మీకు జాలి ఉంటే వీధి కుక్కలకు ఓ గిన్నెలో నీళ్లు పెట్టండి, మా గేటు జోలికి రాకండి.

మళ్లీ క్లినిక్‌కు వస్తాను. రక్తం తీయడానికి కాంపౌండర్ సూది గుచ్చగానే బిజిలీ అరిచింది. అరుపంటే అలాంటి ఇలాంటి అరుపు కాదు, గొంతు కోస్తున్నట్టు. గ్రేహౌండ్లు చిన్న నొప్పికీ ఇల్లు లేచిపోయేలా కేక పెడతాయి. తొడ చిరిగినప్పుడు నోరెత్తనిది సూదికి అరిచింది. బెంచీల మీది జనమంతా తలుపు దగ్గరికి వచ్చేశారు. తిండి పెట్టని టీచరమ్మ కుక్కను కొట్టింది కూడా అన్నట్టు చూశారు.

పన్నెండుకు రిపోర్టు వచ్చింది. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 61, పక్కన పెద్ద బాణం గుర్తు. ప్లేట్‌లెట్లు 1 లక్షా 18 వేలు. తెల్లకణాలు 4,100. క్రియాటినిన్ 1.7. డాక్టరు ఎర్ర పెన్నుతో నాలుగింటికీ సున్నాలు చుట్టాడు. పీసీవీ ఎక్కువంటే ఒంట్లో నీళ్లు లేవు. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువంటే పిడుదుల జ్వరం. క్రియాటినిన్ ఎక్కువంటే కిడ్నీ. స్టెతస్కోప్ పెట్టి గుండెలో చప్పుడు కూడా తేడాగా ఉందన్నాడు. కుట్లు ఇప్పుడు వేయలేం, మత్తు ఇస్తే చచ్చిపోతుంది, ముందు 28 రోజులు పిడుదుల జ్వరం మందు డాక్సీసైక్లిన్ వాడాలి అని చెప్పి సెలైన్ ఎక్కించమన్నాడు. తొడ మీద జానెడు చర్మం వేలాడుతూనే ఉంది. "గాయం సంగతేంది సార్" అంటే "కట్టు కడ్తరు" అన్నాడు.

నాలుగింటి దాకా ఆ సెలైన్ కింద కూర్చున్నాను. కుక్కలు కూర్చుంటాయి కదా, బిజిలీకి సరిగ్గా కూర్చోవడం రాదు, తొడల కండ వల్ల. నిలబడుతుంది లేదా పడుకుంటుంది. నాలుగ్గంటలు నిలబడే ఉంది, తల నా భుజం మీద పెట్టి. నేను ఏడ్చాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్షన్లకు కూడా ఏడవలేదు.

ఇంటికి వచ్చి ఆడపడుచు బిడ్డకు ఫోన్ చేశాను. మామునూరు వెటర్నరీ కాలేజీలో ఫైనలియర్. రిపోర్టు ఫోటో పంపిన రెండు నిమిషాలకే తిరిగి చేసింది. "అత్తా, ఇది లాబ్రడార్‌దైతే నేనూ భయపడేదాన్ని. గ్రేహౌండ్‌కు ఇది మామూలే" అంది.

అప్పుడు ఓపిగ్గా చెప్పింది. ఉరకడానికి పుట్టిన జాతి, రక్తంలో ఎర్రకణాలు ఎక్కువ. పీసీవీ 50 నుంచి 65 దాకా ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు లక్ష, లక్షన్నర ఉంటాయి. తెల్లకణాలూ తక్కువే. కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ కొంచెం ఎక్కువ. గుండె పెద్దది, చిన్న చప్పుడు చాలావాటికి ఉంటుంది. థైరాయిడ్ చూపిస్తే అది కూడా తక్కువ చూపించి, బతికినన్నాళ్లు మాత్రలు రాసేవాళ్లట. నేను లెక్కల టీచర్ని. పొట్టివాళ్ల క్లాసు సగటు ఎత్తు తీసి, దాంతో పొడుగు పిల్లవాడిని కొలిచి వీడికి రోగం అంటే ఎలా ఉంటుంది? రిపోర్టు కాగితం కుడివైపు అచ్చేసిన ఆ నార్మల్ అంకెలు ఎవరివో అడగాలని నాకు ఆ రోజు దాకా తోచలేదు.

అయినా పిడుదుల జ్వరం మన దగ్గర ఎక్కువే, అనుమానం ఉంచుకోవద్దు, కిట్ పరీక్ష చేయించండి అంది. కుట్లు మాత్రం ఈ రాత్రే పడాలి అంది. హైదరాబాద్‌లో రాత్రి కూడా తెరిచి ఉండే ఆసుపత్రికి తనే ఫోన్ చేసి చెప్పింది. గాయం సెలైన్‌తో కడిగి, తడి గుడ్డ చుట్టి, ఏడింటికి కారు తీశాం. జనగామ దగ్గర టీ తాగాం. మిగతా దారి గుర్తులేదు.

అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "పసుపు ఎవరు పెట్టారు?" మా ఆయన కారులో ఏదో మర్చిపోయినట్టు బయటికి వెళ్లాడు. ఆ పసుపు కడగడానికే అరగంట పట్టింది. కిట్ పరీక్షలో జ్వరం ఏమీ లేదని తేలింది. మత్తు గురించి నేనే అడిగాను, మేనకోడలు రాసిచ్చిన చీటీ చూసి. థయోపెంటాల్ అనే పాత మత్తు సూది గ్రేహౌండ్‌కు పడదు. ఒంట్లో కొవ్వు లేదు, కాలేయం దాన్ని తొందరగా విరగ్గొట్టలేదు, గంటల తరబడి లేవకుండా పడి ఉంటుంది. డాక్టరమ్మ నవ్వి, ప్రొపోఫాల్ ఇచ్చి గ్యాస్ మీద పెడతామని చెప్పింది. గంటంబావులో పదిహేడు కుట్లు, లోపల చేరే నీరు బయటికి పోవడానికి కింద ఒక చిన్న రబ్బరు గొట్టం. పొద్దున్నే కుట్టి ఉంటే ఆ గొట్టం అవసరమే రాకపోయేదేమో అని ఆమె మెల్లగా అంది. నేను మెల్లగా వినలేదు.

వచ్చేటప్పుడు రక్తం కారకుండా ఆపే ట్రానెక్సామిక్ మాత్రలు ఐదు రోజులకు రాసిచ్చింది. ఆపరేషన్ రోజు బాగానే ఉండి, ఒకటి రెండు రోజుల తర్వాత రక్తం కారడం ఈ జాతిలో ఉందట. గాయం దగ్గర గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోతుందట. మంగళవారం పొద్దున కట్టు ఎర్రగా తడిసి, మడమ దాకా కాలంతా వంకాయ రంగులోకి తిరిగింది. ముందే చెప్పి ఉండకపోతే నేను ఆ మొదటి క్లినిక్‌కే మళ్లీ పరిగెత్తేదాన్ని, వాళ్లు మళ్లీ పిడుదుల జ్వరం అనేవాళ్లు. ఫోన్ చేస్తే మాత్రలు ఆపకండి, కట్టు మార్చండి అన్నారు. గురువారానికి తగ్గింది.

ఈ మధ్యలో సోమవారం బడికి వెళ్లాను. ప్రార్థన అయ్యాక ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడు దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా "టీచర్, మా ఇంట్ల రాత్రి అన్నం మిగుల్తది. మీ కుక్కకు తేవాల్నా?" అన్నాడు. వాడిని ఏమనాలి? వద్దు నాన్నా, మా ఇంట్లో ఉంది అన్నాను. అప్పటినుంచి క్లాసులో వాడి ముందు ఆ డాక్టరు మీది కోపం వస్తుంది.

గ్రేహౌండ్‌ను తెచ్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, కుక్క బాగా తిని తిరుగుతున్న రోజునే రక్త పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. దాని నార్మల్ అదే. మాకు ఎనిమిది వందలు అయ్యేది, బదులుగా ఓ రాత్రి, ఓ కారు ప్రయాణం, నా పరువు పోయాయి. మిగతావి చిన్నవే. తిండి రెండు పూటలా పెట్టండి, ఒక్కసారే పెద్ద గిన్నె వద్దు. తినగానే ఉరికించొద్దు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో పోతాయి. మేం చికెన్, అన్నం, గుమ్మడికాయ ఉడికించి పెడతాం. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేయం. కిస్‌మిస్ ఉన్న సేమియా పాయసం అత్తమ్మ ఒకసారి పెట్టబోతే గిన్నె లాక్కున్నాను, రెండు రోజులు మాట్లాడలేదు. పళ్లు తొందరగా పాడవుతాయి, రోజూ తోమాలి. బహిరంగ స్థలంలో గొలుసు విప్పొద్దు. నా కుక్క పిలిస్తే వస్తుంది అని నేనూ గొప్పలు చెప్పేదాన్ని. పిల్లి కనబడితే దానికి చెవులుండవు. వరంగల్ ఎండకు ఏప్రిల్ నుంచి తెల్లవారకముందే నడక అయిపోవాలి.

నిన్న కుట్లు విప్పుతుంటే మళ్లీ అదే కేక. హైదరాబాద్‌లో ఎవరూ తలుపు దగ్గరికి రాలేదు. తిరిగొస్తుంటే మొదటి క్లినిక్ కాంపౌండర్ ఫోన్ చేశాడు, సెలైన్ తాలూకు 650 బాకీ ఉందట. ఫోన్‌పే చేశాను. కింద మెసేజ్ రాసే చోట "గ్రేహౌండ్‌కు పీసీవీ 61 నార్మల్ సార్" అని పెట్టి పంపాను. రెండు నీలం టిక్కుల్లాంటివి ఫోన్‌పేలో రావు కదా, చూశాడో లేదో.