వడ్డించిన విస్తరి

సుఖంగా గడిచిపోయే బ్రతుకును చెప్పడానికి తెలుగులో నుడికారాలకు కొదవ లేదు. పూలపాన్పు అంటాం, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం అంటాం. వాటన్నిటిలోనూ నాకు ఎక్కువ లోతుగా తోచేది ‘వడ్డించిన విస్తరి’. తాను కష్టపడకుండానే అన్నీ అమరిన జీవితమని దాని అర్థం. ఈ మాటను ఔనని చెప్పడానికి కంటే కాదని చెప్పడానికే మనం ఎక్కువగా వాడతాం. ‘జీవితమేమీ వడ్డించిన విస్తరి కాదు’ అని పిల్లలకు హితవు చెప్పని పెద్దలు అరుదు.

ఇది బంతి భోజనాల నుంచి పుట్టిన మాట. వరుసగా ఆకులు పరిచి, నీళ్ళు చల్లి తుడిచి, ఉప్పు, ఊరగాయ, కూర, పచ్చడి, పప్పు ఒక్కొక్కటిగా వడ్డించి, చివరకు అన్నం మీద నెయ్యి పడేవరకు మర్యాద తెలిసినవారెవరూ ఆకులో చేయి పెట్టరు. నుడికారంలోని అదృష్టవంతుడికి ఈ నిరీక్షణ కూడా లేదు. అతడు వచ్చి కూర్చునేసరికే నెయ్యితో సహా అన్నీ ఆకులో ఉంటాయి, కలుపుకోవడమే తరువాయి.

ఆ ఆకు వెనుక కూడా ఎంతో పని ఉంది. తూర్పు కనుమల అడవుల్లో ఆదివాసులు సేకరించి తెచ్చిన అడ్డాకులను గానీ, మోదుగాకులను గానీ, అంచు మీద అంచు వచ్చేలా పేర్చి, సన్నని ఈనెపుల్లలతో గుచ్చి గుండ్రంగా కుడితే తప్ప విస్తరి తయారు కాదు. కుట్టు వదులైతే చారు నేల పాలవుతుంది. ఆకు కుట్టినవారు, వండినవారు, వంగి వంగి వడ్డించినవారు ఇందరుండగా, నుడికారంలో వారెవరూ కనబడరు. ‘వడ్డించిన’ అన్న ఒక్క విశేషణంలో అందరి శ్రమా ఇమిడిపోయింది.

అందుకే ఈ మాట అందరు ధనవంతులకూ అతకదని నా అభిప్రాయం. లాటరీ తగిలినవాడి సంపద వడ్డించిన విస్తరి కాదు, ఎందుకంటే అతడి కోసం ఎవరూ వండిపెట్టలేదు. తండ్రి ముప్పై ఏళ్ళు నిలబెట్టిన వ్యాపారంలోకి నేరుగా వచ్చి కూర్చున్న కొడుకు విషయంలో మాత్రం అది అక్షరాలా సరిపోతుంది. ‘వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఒకటే’ అన్న సామెత కూడా ఈ బంతిలోదే. అక్కడ మాత్రం వడ్డించేవాడు స్పష్టంగా కనబడతాడు, అతడి పక్షపాతంతో సహా.

దీనిని ‘నల్లేరు మీద బండి నడక’తో కలిపేసేవారు ఉన్నారు గానీ, రెండూ ఒకటి కావు. నల్లేరు నాలుగు పలకల కాడలతో, కణుపు కణుపుగా పాకే తీగ. కండగల ఆ కాడలు చక్రం కింద ఇట్టే నలిగిపోతాయి కనుక బండికి అడ్డు ఉండదు. అయినా ఎద్దులు లాగాలి, బండివాడు తోలాలి. పని ఉంది, ప్రతిఘటన మాత్రమే లేదు. కాబట్టి తేలికగా దక్కే గెలుపుకు నల్లేరు సరిపోతుంది, తేరగా దక్కిన బ్రతుకుకు విస్తరే సరైనది. ఈమధ్య పత్రికలు బండిని దించేసి ‘నల్లేరు మీద నడక’ అని రాస్తున్నాయి. పచ్చడికి కాడలు ఒలిచేటప్పుడే దురదకు భయపడి చేతులకు నూనె రాసుకునే మనకు, ఆ తీగ మీద నడవడం సుఖమని ఎలా తోచిందో మరి.