జర్మన్‌లో శుభలేఖ

మా పెదనాన్నగారి అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్లి మాత్రం పర్లాకిమిడిలోనే. ఆఫీసువాళ్లు కొందరు వస్తామన్నారట, వాళ్లకోసం శుభలేఖ జర్మన్‌లో రాసిపెట్టమన్నాడు. మా ఊళ్లో కార్డుకి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉండటం మామూలే. కాకపోతే ముహూర్తం అంటే ఏంటో ఒడియావాళ్లకి చెప్పక్కర్లేదు, జర్మన్లకి చెప్పాలి.

అసలు చిక్కంతా అక్కడే. కార్డులో "బుధవారం రాత్రి 2.34 గంటలకు, తెల్లవారితే గురువారం" అని ఉంది. మనకి సూర్యోదయం అయితేగానీ వారం మారదు, వాళ్లకి అర్ధరాత్రికే తారీఖు మారిపోతుంది. ఉన్నదున్నట్టు బుధవారం 2.34 అని రాస్తే పాపం ఒక రోజు ముందే వచ్చి ఖాళీ పందిట్లో నిలబడతారు. అదృష్టం కొద్దీ జర్మన్‌లో దీనికి సరిపడే మాట వాడుకలోనే ఉంది: 'ఇన్ డేర్ నాఖ్ట్ ఫోన్ మిట్వోఖ్ అవుఫ్ డోనర్స్టాగ్', అంటే బుధవారం నుంచి గురువారంలోకి వెళ్లే రాత్రి. అది రాసి, కింద గురువారం తారీఖు వేసి, జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా ఆ నిమిషానికేనని ఒక వాక్యం చేర్చాను. రిసెప్షన్ టైము 19 గంటలని రాశాను, రాతలో వాళ్లది 24 గంటల లెక్క.

"మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గైకొని మమ్మానందింపజేయ ప్రార్థన" అన్న వాక్యం నాకు ప్రాణం, కానీ దాన్ని ముక్కముక్కగా జర్మన్‌లో పెడితే చదివేవాళ్లకి గౌరవం కనిపించదు, గందరగోళమే కనిపిస్తుంది. అక్కడ మర్యాద అంతా 'జీ' అనే మీరులో ఉంటుంది. మిమ్మల్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాం, మా ఇంట భోంచేసి వధూవరులని దీవించండి అని సూటిగా రాస్తే చాలు, నిండుగా ఉంటుంది.

సపరివార సమేతంగా అన్నదీ కుదరదు. వాళ్లలో కవరు మీద ఎవరి పేరుంటే వాళ్లకే పిలుపు, కాబట్టి భార్యాపిల్లల పేర్లు కూడా రాయాల్సిందే. చివర్లో ఫలానా తేదీలోగా జవాబివ్వమని అడగాలి కూడా. ఇక్కడ పెదనాన్న ఒప్పుకోలేదు.

"పిలిచి మళ్లీ వస్తారా రారా అని అడుగుతామేంట్రా, బాగుంటుందా?"

"వాళ్ల పద్ధతే అది పెదనాన్నా, అడక్కపోతేనే ఏం చెయ్యాలో తెలీదు వాళ్లకి. పైగా మనం రూములు చూడాలి కదా."

రూముల మాట వినేసరికి సరేనన్నారు. నేను కూడా ఒకటి ఆయన మాటే ఉంచాను: జర్మన్ కార్డుల్లో ఎక్కువగా పెళ్లి చేసుకునేవాళ్లే పిలుస్తారు, మనింట్లో పిలుపు పెద్దలది. అందుకే పైన తల్లిదండ్రుల పేర్లే ఉన్నాయి.

మీరూ ఇలాంటిది చేయిస్తుంటే ప్రెస్సుకి వర్డ్ ఫైలు ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి. ఫాంటు మారితే జర్మన్ అక్షరాల మీది చుక్కలు ఎగిరిపోతాయి. ప్రూఫు మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి.