అన్నం అంటే భయం పోయిన ఏడాది

2023 ఆగస్టులో చేయించుకున్న రక్తపరీక్షలో గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటును చూపే నా హెచ్‌బీఏ1సీ 5.9 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. మా నాన్నగారికి నలభై ఐదేళ్లకే చక్కెర వ్యాధి వచ్చింది కనుక ఆ అంకె చూడగానే నాకు కాళ్లు చల్లబడ్డాయి. రాత్రి పూట అన్నం కాస్త తగ్గించి, రోజూ అరగంట నడవమని మాత్రమే డాక్టరుగారు చెప్పారు. నేను మర్నాటి నుంచే అన్నం పూర్తిగా మానేశాను. తర్వాత ఇడ్లీ, అరటిపండు, బంగాళాదుంప మానేశాను. చివరికి చారులో వేసే చిటికెడు బెల్లాన్ని చూసినా భయపడే స్థితికి వచ్చాను.

మొదటి రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను, కనిపించిన వాళ్లంతా మెచ్చుకున్నారు. మూడో నెలలో ఒక రాత్రి అందరూ నిద్రపోయాక వంటింట్లో దీపం కూడా వేయకుండా, కుక్కరులో మిగిలిన అన్నాన్ని ఊరగాయ నూనెతో కలుపుకుని నిలబడే తిన్నాను. అది తప్పని నన్ను నేను శిక్షించుకుంటూ మర్నాడు మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. ఆ పస్తే మళ్లీ రాత్రిని తెచ్చిపెట్టింది. వారానికి ఒకసారి జరిగేది మూడుసార్లయింది. పగలంతా ఆకలితో ఉండి, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో పులిహోర, బొబ్బట్లు చేసే వీడియోలు గంటల తరబడి చూసేదాన్ని. ఇదంతా నా మనసు బలహీనత అనుకున్నానే తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఒకరోజు కంచం ముందు కూర్చుని, “అమ్మా, అన్నం చెడ్డదా?” అని అడిగినప్పుడు మాత్రం సహాయం తీసుకోక తప్పదని అర్థమైంది.

2024 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక ఆహార నిపుణురాలిని కలిశాను. ఆమె నన్ను బరువు తూచే యంత్రం ఎక్కించలేదు. నేను చెప్పిందంతా విని, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త జరిపిన ప్రయోగం గురించి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెడితే, వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయట. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారట. మళ్లీ కావలసినంత పెట్టడం మొదలయ్యాక కొందరు ఎంత తిన్నా తృప్తి పడలేకపోయారట. “మీకు మనసు బలం తక్కువ కాదండీ, శరీరం తన పని తాను చేస్తోంది” అని ఆమె అన్నప్పుడు, ఏడాదిగా మోస్తున్న సిగ్గు కొంతైనా దిగింది.

ఆమె ఇచ్చిన మొదటి పని నోటు పుస్తకం. ఎన్ని గ్రాములు తిన్నానో అందులో రాయనక్కర లేదు. ఎప్పుడు, ఎక్కడ, కూర్చునా నిలబడా, తినే ముందు ఆకలి ఎంత అన్నవి రాస్తే చాలు. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం అయిదుకు, రాత్రి ఎనిమిదిన్నరకు ఆకలి ఉన్నా లేకపోయినా ఏదో ఒకటి తినాలి. రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాటి ఉదయం ఫలహారం మానకూడదన్న నియమం నాకు అన్నిటికంటే కష్టమైంది. ముందు రాత్రి కడుపు పగిలేలా తిని, పొద్దున్నే రెండు ఇడ్లీలు, పల్లీ చట్నీ ముందు పెట్టుకుని అరగంట కూర్చుండిపోయిన రోజులున్నాయి. అయినా తిన్నాను. ఆరు వారాల తర్వాత పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే, వంటింట్లో నిలబడి తిన్న రాత్రులు వారానికి ఒకటికి తగ్గాయి.

కంచం విషయంలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలు నాకు ధైర్యమిచ్చాయి. రోజుకు రెండు వేల కిలో కేలరీలు తినేవారికి వాటిలో 250 గ్రాముల ధాన్యాలకు చోటుంది. అంటే అన్నం నిషిద్ధం కాదు. కానీ వాటి పక్కన 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం ఉన్నాయి. మా ఇంట్లో కూర ఎప్పుడూ అన్నంలో నంజుకోవడానికే ఉండేది; రెండు చెంచాల వేపుడుతో కంచమంత అన్నం తినేవాళ్లం. నేను తప్పంతా అన్నం మీద వేశాను గానీ, తక్కువైనవి కూర, పప్పు.

పుస్తకంలోని రాతల వల్ల నాకు తెలిసిన మరో సంగతిని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. మా నాయనమ్మ వడ్డనలో ఒక వరస ఉండేది: నెయ్యి వేసిన పప్పన్నం, కూర, పచ్చడి, చారు, చివర మజ్జిగ. మజ్జిగన్నం పూర్తయ్యిందంటే భోజనం అయిపోయినట్టే; మనసుకూ అది తెలిసేది. రాత్రి చీకట్లో నేను తిన్న తిండిలో ఏనాడూ మజ్జిగ లేదు, అందుకే దానికి ముగింపూ లేదు. ఆ వరసను మళ్లీ మొదలుపెట్టాను. అన్నం మునుపటికంటే తక్కువైనా, నాలుగు రుచులు దాటి మజ్జిగకు చేరేసరికి తిన్న తృప్తి కలిగేది.

తర్వాత భయపడే పదార్థాల జాబితా రాశాను. తక్కువ భయపెట్టే పెసరట్టు కింద, ఎక్కువ భయపెట్టే అరిసె, ఆవకాయ అన్నం పైన. ఒక్కొక్కటే పగటి పూట, నలుగురితో కూర్చుని తినాలి. 2025 సంక్రాంతికి తెనాలిలో అమ్మ అరిసెలు వండింది. ఒకటి తిన్నాక, “ఇంకోటి తినవే తల్లీ, ఎంత చిక్కిపోయావో” అంది. మన ఇళ్లలో వద్దనడమంటే పెట్టిన చేతిని కాదనడమే, అందుకే ఆ మాట చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. “కడుపు నిండిందమ్మా, సాయంత్రం టీతో తింటాను” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. సాయంత్రం నేనే అడిగి తెచ్చుకుని, నువ్వుల వైపు నుంచి కొద్దికొద్దిగా కొరుకుతూ ఆమె పక్కనే కూర్చుని తిన్నాను.

ఈ మధ్య పరీక్షలో 5.8 వచ్చింది; డాక్టరుగారు ఇలాగే కొనసాగించమన్నారు. ఒత్తిడి ఎక్కువైన నెలల్లో ఒకటి రెండు చీకటి రాత్రులు ఇప్పటికీ ఎదురవుతాయి. అవీ పుస్తకంలో రాస్తాను, మర్నాడు ఫలహారం మానను. మొన్న మే నెలలో ఆవకాయ జాడీకి ఎత్తాక, కలిపిన బేసిన్‌లో వేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపాను. మా అమ్మాయికి ఒక ముద్ద పెట్టి, తర్వాతి ముద్ద నేను తిన్నాను. కారానికి దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మళ్లీ నోరు తెరిచింది.